పత్తి గదిలో ఊయల

నా చిన్నప్పుడు, అరవదేశంలో కోవిల్‌పట్టి దగ్గర మా ఊళ్లో, మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి మా ఇంట్లో ఖాళీ ఊయల ఊగేది. పత్తి నిలవచేసే చీకటి గదిలో చేరి మా చిన్నమ్మ దాన్ని ఊపుతుండేది. మా చిన్నాయన భార్య ఆమె. నలభై రోజుల బిడ్డ జ్వరంతో పోయాక మాట్లాడడం మానేసింది. తాడు కిర్రుమనే చప్పుడు ఒక్కటే బయటికి వినబడేది. ఆ చప్పుడుకు పెరట్లో ఎడ్లు మేత మాని చెవులు నిక్కించేవి. ఒక్కోసారి లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు వచ్చేది. అది చిన్నమ్మ గొంతేనని అందరికీ తెలుసు. తెలిసినా ఒళ్లు జలదరించేది. అంబలి చట్టి గడప దగ్గర పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేసేవాళ్లం.

దయ్యాన్ని మావైపు పేయి అంటారు. చిన్నమ్మకు పేయి పట్టిందని అవ్వ తేల్చింది. వేపమండలతో బాది దాన్ని వదిలించే కోడాంగిని మరునాడు పిలిపించాలని మా నాయన నిర్ణయించాడు. అలా దెబ్బలు తిన్న పక్క ఊరి ఆడమనిషి మళ్లీ మంచం దిగలేదని నేను విన్నాను. 

నాయన ఆ మాట అన్న రోజు మధ్యాహ్నమే వేదక్కారమ్మ వచ్చింది. ఏసుసామిని కొలిచేవాళ్లను మావైపు వేదక్కారులనేవాళ్లు. మేం తెలుగువాళ్లం, ఆమె అరవావిడ. సాత్తూరు వైపునుంచి ఎండలో నడిచి వచ్చి ఆడవాళ్లకు వాళ్ల సామి కథలు చెప్పేది. మా అవ్వ ఆమెను అరుగు ఎక్కనిచ్చేది కాదు. దాహమంటే నీళ్లు దోసిట్లో పైనుంచి పోసేది.

కథ మధ్యలో ఊయల చప్పుడు మొదలైంది. ఆమె ఆగి, సంగతేమిటని నన్ను అడిగింది. బిడ్డ సంగతి, కోడాంగి సంగతి చెప్పాను. తరువాత, పిల్లలు భయపడితే మీ ఇంటి మాటలో ఏమంటారని అరవంలో అడిగింది.

"జడవొద్దు, నేనుండాను అంటారు," అన్నాను.

ఆమె దాన్ని నెమ్మదిగా మూడుసార్లు అనుకుని లేచింది.

"లోపలికి పోవద్దు," అంది అవ్వ. "నువ్వెవరో, మేమెవరో. నీకేల ఇదంతా?"

మావాళ్ల దగ్గరికే పోయేటట్టయితే సామి నన్ను పంపాల్సిన పనేముందమ్మా, అని వేదక్కారమ్మ అరవంలో బదులిచ్చింది. అడ్డుకోవాలంటే ఎవరో ఒకరు ఆ గడప దాకా వెళ్లాలి. ఆ భయానికి ఎవరూ కదల్లేదు. ఆమె తలుపు ముందు ఆగి, నేను నేర్పిన మాట తనకు తానే చెప్పుకుని, తలుపు తోసింది.

నేను ఆమె వెనకే వెళ్లి తలుపు సందునుంచి చూశాను. గాలిలో పత్తి నూగు తేలుతోంది. చిన్నమ్మ జుట్టు విరబోసుకుని ఉంది. తల మెల్లగా తిప్పి నవ్వింది. ఊయలలోంచి గుడ్డ చుట్టిన పత్తి మూటను ఎత్తి చాచింది.

"నా బిడ్డ సల్లగా వుంది. పట్టి సూడు."

ఇన్నాళ్లకు ఆమె నోటివెంట వచ్చిన మొదటి మాట అది.  వేదక్కారమ్మ ఆ మూటను రెండు చేతులా అందుకుని, బిడ్డకు కప్పినట్టే కొంగు కప్పింది.

"జడవాదు, నేనుండాను," అంది తప్పుగానే. ఆపైన బిడ్డ పేరు అడిగింది.

ఆ పేరు ఇంట్లో ఎవరూ పలకకూడదని అవ్వ కట్టడి చేసి ఉంది. చిన్నమ్మ పెదాలు చాలాసేపు కదిలాయి. చివరికి పేరు బయటికి వచ్చింది, దాని వెంటే ఏడుపు. అది పసిబిడ్డ ఏడుపు కాదు, చిన్నమ్మ సొంత ఏడుపు. వేదక్కారమ్మ మూటను దించకుండానే పక్కన కూర్చుని, మా సామి కూడా చనిపోయిన చెలికాడి సమాధి దగ్గర ఏడ్చాడమ్మా అని చెప్పసాగింది.

నా వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. తిరిగి చూస్తే నాయన. "కోడాంగి వద్దులే," అన్నాడు అవ్వతో. ఆ సాయంత్రం చిన్నమ్మ అంబలి తాగింది.

రెండేళ్లకు చిన్నమ్మ, మా నాయన కోపాన్ని లెక్కచేయకుండా సాత్తూరు వెళ్లి జ్ఞానస్నానం తీసుకుని వేదక్కారుల్లో చేరింది. నేను మా ఇలవేల్పుకే దండం పెడుతూ ముసలిదాన్నయ్యాను. కాని ఊళ్లో ఏ ఇంటివాళ్లైనా దుఃఖంతో తలుపు మూసుకున్నారని, దగ్గరికి పోవడానికి జనం జంకుతున్నారని వింటే ఇంట్లో కూర్చోలేను. వాళ్లు మావాళ్లా కాదా అని అడగను. భయపడుతూనే లోపలికి పోతాను. పోయి, ముందు చనిపోయినవాళ్ల పేరు అడుగుతాను.