తల్లి దుంప

నా బాత్రూం అరలో ముఖానికి రాసుకునేవే ఏడు సీసాలున్నాయి. పొద్దున్నే ఫేస్‌వాష్, తర్వాత సీరమ్, దాని మీద సన్‌స్క్రీన్. వాటిలో నాలుగింటి మీద పసుపు కొమ్ము బొమ్మ ఉంది. ఆ బొమ్మ కంటబడితే చాలు, మా పెద్దమ్మ గుర్తొస్తుంది. వెంటనే నా మీద నాకే మంట పుడుతుంది.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. అరకు దాటి, బస్సు దిగి, ఇంకో గంట నడిస్తే వస్తుంది వాళ్ళ ఊరు. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ, కన్న తల్లికీ మొదటి నలుగు పెట్టేది ఆమే. అడవి పసుపు రాతి మీద అరగదీసి, ఆముదంలో కలిపి, ఒళ్ళంతా పట్టించి నీళ్ళు పోస్తుంది. ఈ పసుపు కూరలోకి పనికిరాదు. ఒకటే చేదు, కర్పూరం వాసన. పట్నంలో దీన్నే కస్తూరి పసుపని పొట్లాలు కట్టి అమ్ముతారు. మా అమ్మమ్మ కాలంలో ఈ దుంపలే మోసుకెళ్ళి సంతలో ఉప్పు తెచ్చుకునేవారట. కొండ దిగిన పసుపు ఏ ఊరి ఆడవాళ్ళకి మెరుపు తెచ్చిందో గాని, మా అమ్మమ్మకి మాత్రం ఉప్పు తెచ్చింది.

ఆ పసుపు ఉండేది వాగు ఒడ్డున, ఒక పెద్ద బండ వెనక, ఇల్లంత జాగాలో. తెలిసినవాళ్ళు ఆ చోటు ఇంకొకరికి చెప్పకూడదు. తవ్వినా చుట్టూ ఉన్న పిల్ల దుంపలే తియ్యాలి. నడిమి తల్లి దుంపని కదపకుండా మళ్ళీ మట్టి కప్పాలి. నాకు కూతురు పుట్టిన ఏడు పెద్దమ్మ నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. తన తర్వాత ఎవరికో ఒకరికి తెలిసుండాలి కదా అంది. సొంత కోడళ్ళుండగా నన్ను నమ్మింది.

నేనేం చేశాను? ఫోనులో వీడియో తీశాను.

కొండ కింద పట్నంలో టీచరు ఉద్యోగం నాది. సాయంత్రం తీరిక వేళల్లో నెట్‌లో వీడియోలు పెట్టి సౌందర్య చిట్కాలు చెప్పే పిచ్చి పట్టుకుంది. శనగపిండి, పెరుగు, కుంకుడుకాయ అయిపోయాక కొత్తగా చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మొన్న చలికాలం సెలవులకి వెళ్ళి, వాగు చూపించాను, బండ చూపించాను, దుంప విరిచి లోపలి రంగు చూపించాను. మేడం, మీ ముఖం ఏం గ్లో అని ఎవరెవరో రాస్తుంటే తెగ ఉబ్బిపోయాను. రెండు వారాలకి ఒకడు ఆ వీడియో కింద నిండు గోనెసంచుల ఫొటో పెట్టాడు. చోటు దొరికింది, థాంక్స్ అని రాశాడు. సంచుల వెనక ఆ బండే ఉంది. వీడియో తీసేసి, ఎవరికీ చెప్పకుండా నోరు మూసుకున్నాను. కంచే చేను మేసిందంటే ఇదే.

ఆ నెలలోనే కొండెక్కాను. పెద్దమ్మ నన్ను వాగు దగ్గరికి తీసుకెళ్ళింది. అంతా గుంతలే. ఒక్క తల్లి దుంప కూడా మిగల్లేదు. ఆమె మనవరాలు అప్పుడు ఆరో నెల కడుపుతో ఉంది. ఇంట్లో ఉట్టి మీద దాచిన ఒక్క పచ్చి కొమ్ము తప్ప ఇంకేమీ లేదని చెప్పింది. ఆమె నన్ను అడగనే లేదు. నేనే గుమ్మడికాయల దొంగలా ముందు భుజాలు తడుముకున్నాను.

"అడవి పందులు పెద్దమ్మా. ఎలా కుళ్ళగించాయో చూడు" అన్నాను.

"పందులా" అంది. నా ముఖంలోకి కాసేపు చూసి, ఇంటి దారి పట్టింది.

తొలకరికి మనవరాలు ఆడపిల్లని కంది. ఉన్న ఒక్క కొమ్ముతో బిడ్డకి నలుగు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. దాన్ని తీసుకెళ్ళి బండ వెనక పాతింది. పట్నం నుంచి పసుపు పొట్లం పంపమని నాకే కబురు పెట్టింది. పేరున్న రకం కొని పంపాను. ఆ పొట్లం మీద కూడా బొమ్మ బాగానే ఉంది.

ఆషాఢంలో బిడ్డని చూడ్డానికి వెళ్తే పెద్దమ్మ ఇంట్లో లేదు. వాగు దగ్గర మంచె కట్టించుకుని రోజూ అక్కడే కాపలా ఉంటోందని మనవరాలు చెప్పింది. వెళ్ళాను. నాలుగు కర్రల మీద తడక. దాని మీద డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, ప్లాస్టిక్ పట్టా కప్పుకుని, వానలో దగ్గుతూ. కింద ముళ్ళకంప మధ్య ఒకే ఒక్క మొలక, రెండాకులు. నా అబద్ధం నమ్మే ఆమె ఇలా తడుస్తోందనుకుని మంచె కిందికి వెళ్ళాను.

"పెద్దమ్మా, పందులు కాదు. నేనే. ఈ చోటు ఫోనులో అందరికీ చూపించాను."

ఆమె మొలక మీంచి చూపు తిప్పలేదు.

"పంది పసుపు ముట్టదు గుంటా. ఎంత ఆకలైనా ముట్టదు. కొండలో పుట్టినావు, అదైనా గేపకం లేదేటి?"

నిజమే. చిన్నప్పుడు మా నాన్న పందులు రాకుండా చేను గట్టు చుట్టూ పసుపే వేసేవాడు. ఏటా ఆ గట్టు పసుపు తవ్వినదాన్నే, అయినా అబద్ధం చెప్పడం కూడా చేతకాలేదు నాకు. మరి ఇన్నాళ్ళూ ఎవరికోసం కాపలా కాస్తున్నావని అడిగాను.

"మనుసులొత్తారని" అంది. పట్టా సర్దుకుని, "నువ్వూ వచ్చి సెప్తావని" అంది.

మోకాళ్ళు పట్టుకుని మెల్లగా మంచె దిగింది. తడిసిన పట్టా తీసి నా భుజాల మీద వేసింది.

"ఇప్పుడు నువ్వెక్కి కూకో. నాను బిడ్డకి నీలు పోసొత్తాను."

ఎక్కి కూర్చున్నాను. ఏ పసుపుతో పోస్తావని అడగలేదు. ఆ పొట్లం కొన్నది నేనే.