నిచ్చెన మీద మనిషి ఉన్నంతసేపు

మంగళవారం మధ్యాహ్నం పిన్ని ఫోన్ చేసింది. "చిన్నాన్న ఎల్లిపోనారు నాయనా. బోయినం చేసి కుర్చీలో కూకున్నారు. నేను కంచం లోపలెట్టి వచ్చేతలికి, అంతే" అంది.

సాయంత్రానికి ఒక సినిమా నిర్మాణ సంస్థ పెట్టిన సంతాపం నా ఫోన్‌లోకి వచ్చింది. "మా సాంకేతిక సిబ్బందిలో ఒకరు" కన్నుమూశారట. ఒకరు! హీరోగారి కుక్కకు జ్వరమొస్తే పేరు పెట్టి మరీ బాధపడే మనుషులు వీళ్లు. కోపంతో వెంటనే రాయడానికి కూర్చున్నాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. నన్ను ఆపింది చిన్నాన్నే. నేను కూడా ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు, కానీ నా కారణం వేరు.

చిన్నాన్న పుట్టింది కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో, పనిచేసింది టాలీగంజ్ స్టూడియోల్లో. ఆయన పని లైట్ల కన్సోల్, అంటే దీపాలన్నిటినీ నడిపే బటన్ల బల్ల. సెట్‌లో ఏ దీపం ఎప్పుడు, ఎంత వెలగాలో ముందే ఆ బల్లలోకి ఎక్కించి, షాట్ నడిచేటప్పుడు సరైన క్షణంలో బటన్ నొక్కాలి. తెర మీద తెల్లవారుతుంటే మీరు సూర్యుణ్ణి చూశామనుకుంటారు. ఆ సూర్యుడు మూడు వరుసల్లో తొమ్మిది బల్బులు బిగించిన ఇనప చట్రం. పెద్ద సెట్ అయితే అలాంటివి ఆరు.

తొమ్మిది బల్బులనూ ఒకే నంబరు కింద కట్టేస్తే పని తొందరగా తెములుతుంది. చాలామంది అలాగే చేస్తారు. చిన్నాన్న మాత్రం తొమ్మిదింటికీ తొమ్మిది నంబర్లిచ్చి, ఒక్కొక్కదాన్నే వెలిగించి, ఆర్పి, మళ్లీ వెలిగించి చూసుకునేవారు. ఎందుకింత తంటా అని అడిగితే, "ఎండ తలుపు తోసుకుని లోపలికొచ్చేత్తాదేటిరా? ముందు కిటికీ అంచు మీద కాసేపు కూకుంటాది" అనేవారు.

అన్నిటికంటే ముందు ఆయన ఎక్కించేది ఏ షాట్‌లోనూ కనబడని వెలుగు. బల్బు లోపలి తీగ ఎర్రబడుతుంది, అంతే. గోడ మీద నీడ కూడా పడదు. చల్లగా ఉన్న బల్బుకి ఒక్కసారిగా కరెంటంతా ఇస్తే ఆ తీగ తెగిపోవచ్చు. తెగితే, మార్చడానికి ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కాలి. ఆ ఎక్కడం ఒక్కసారైనా తగ్గాలని ఆయన బల్బుల్ని ముందుగా వేడెక్కించేవారు. లైట్‌మెన్ దాన్ని "దాదార్ లాల్" అనేవారు. అన్నగారి ఎరుపు అని.

అయినా ఎక్కక తప్పని రోజులుండేవి. పైన మనిషి ఉన్నంతసేపు చిన్నాన్న రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూర్చునేవారు, బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా. పైనున్నవాడు కిందికి చూస్తే ఆ చేతులు కనబడాలి. దీపం తన మొహాన వెలగదని కళ్లతో చూసుకోవాలి. అతను దిగి, "నేమే గేఛి, దాదా", అంటే దిగిపోయానని, గట్టిగా చెప్పేదాకా ఆ చేతులు కదిలేవి కావు.

ఒకసారి నేనూ సెట్‌లో ఉన్నాను. లైట్‌మ్యాన్ ఒకతను నిచ్చెన మీద నిలబడి లైటు ముందు రంగు కాగితం బిగిస్తున్నాడు. డైరెక్టర్ తొందరలో ఉన్నాడు.

"దాదా, లైట్ ఇవ్వండి! వాడు దిగుతూనే ఉన్నాడుగా!"

"దిగలేదు."

"ముందు ఆ చేతులు దించండి. తుపాకీ పెట్టిందెవరు మీకు?"

సెట్ అంతా నవ్వింది. చిన్నాన్న నవ్వలేదు. "ఆ పైనున్నవాడు" అన్నారు.

ఆ నవ్వుల మధ్యే ఒక అసిస్టెంట్ డైరెక్టర్ చిన్నాన్న భుజం మీదుగా చెయ్యి చాచి బటన్ నొక్కేశాడు. తొమ్మిది బల్బులూ భగ్గుమన్నాయి. చిన్నాన్న క్షణంలో ఆర్పేశారు. ఈలోగా కళ్లు కనబడక తూలిన లైట్‌మ్యాన్ ఆ వేడి చట్రాన్నే పట్టుకుని వేలాడాడు. పడలేదు గానీ అరచెయ్యి కాలింది.

నేను ఊరుకుంటానా? ఒక బెంగాలీ వారపత్రికలో నిప్పులు కురిపించాను. లైట్‌మ్యాన్ పేరు, ఊరు, కాలిన చెయ్యి, అన్నీ రాశాను. బాధితుడి పేరు దాచే వ్యాసం పిరికి వ్యాసమని అప్పటి నా సిద్ధాంతం. మెచ్చుకోని మిత్రుడు లేడు. ఆ లైట్‌మ్యాన్‌ని మాత్రం ఆ తర్వాత ఏ సెట్‌కీ పిలవలేదు. పత్రికలో పేరు పడ్డవాడు గొడవ మనిషి కదా!

ఒక ఆదివారం చర్చి నుంచి చిన్నాన్న నేరుగా సాల్ట్ లేక్‌లో మా ఇంటికి వచ్చారు. టీ ఇస్తే ముట్టుకోలేదు.

"ఆడి పేరెందుకు రాసేవు?"

"నిజం కాబట్టి. తప్పు వాళ్లదైతే నన్ను నిలదీస్తారేంటి చిన్నాన్నా?"

"ఆళ్లది తప్పు కాదన్నానేటి? ఆణ్ని అడిగేవా?"

"అడిగితే భయపడి వద్దనేవాడు."

"మరి! ఆడింకా నిచ్చెన మీదే ఉన్నాడ్రా. నువ్వు బటన్ నొక్కేసేవు. ఆ అసిస్టెంటుకీ నీకూ తేడా ఏటి?"

వాదించాను. చరిత్ర తెచ్చాను, కార్మిక చట్టాలు తెచ్చాను. ఆయన అన్నీ విని చెప్పులేసుకున్నారు. "రాయొద్దని అన్లేదు. ఆడు దిగేక రాయి" అని వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఎవరు పని చెప్పినా, ఆ లైట్‌మ్యాన్ వస్తేనే నేనొస్తానన్నారట. రెండు సినిమాలు అలా చేజారాయి. మూడోవాళ్లు ఒప్పుకున్నారు. ఈ సంగతి పిన్ని చెబితే తెలిసింది. తెలిశాక కూడా నేను అతని దగ్గరికి వెళ్లలేదు. ప్రపంచంలో ప్రతి ఒక్కరినీ క్షమాపణ అడగమని రాసినవాణ్ణి, ఆ పని మాత్రం నాకు చేతకాలేదు.

ఈ గురువారం సమాధుల తోటలో చిన్నాన్న భూస్థాపన. తెలుగు పాటలు పాడేవాళ్లు ముందు, స్టూడియో మనుషులు వెనక. నాకు ప్రార్థన అలవాటు లేదు కాబట్టి నేనూ వెనకే నిలబడ్డాను. పక్కన చూస్తే ఆ లైట్‌మ్యానే. జుట్టు నెరిసింది. అరచేతిలో మచ్చ అలాగే ఉంది.

"అప్పుడు నిన్ను అడక్కుండా రాశాను. తప్పు నాదే" అన్నాను.

"జాని, సార్" అన్నాడు. తెలుసని. "దాదా గురించి రాస్తారా?" అని అడిగాడు.

"మీరంతా సరేనంటేనే."

"రాయండి. నా పేరు వద్దు. చెయ్యి సంగతి రాయండి."

పిన్నినీ అడిగాను. "ఆరి పేరెందుకు నాయనా, ఆ ఎరుపు గురించి రాయి" అంది.

పెట్టె దించాక, దాన్ని సరిగ్గా కూర్చోబెట్టడానికి గొయ్యి తవ్వినతను లోపలికి దిగాడు. పాస్టరుగారు వంగి గుప్పెడు మట్టి తీసుకున్నారు. సరిగ్గా అప్పుడు నా పక్కనున్న లైట్‌మ్యాన్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. అతన్ని చూసి పక్కవాడు, తర్వాత స్టూడియో నుంచి వచ్చిన అందరూ. పాస్టరుగారికి ఏమీ అర్థం కాలేదు, కానీ మట్టి పిడికిట్లోనే ఉంచుకుని ఆగారు.

నేనూ చేతులెత్తి తల మీద పెట్టుకున్నాను.

గొయ్యి తవ్వినతను అంచు పట్టుకుని పైకొచ్చి, మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు. లైట్‌మ్యాన్ పెట్టె వైపు చూసి, "ఉఠే ఏసేఛే, దాదా" అన్నాడు నెమ్మదిగా. పైకి వచ్చేశాడు, దాదా.

ఒక్కొక్కరి చేతులే కిందికి దిగాయి. మట్టి పడుతున్న చప్పుడు మొదలైంది. నా చేతులింకా తల మీదే ఉన్నాయి.