ఆమె ఆరోగ్యం బాగానే ఉండేది

పోయిన నెల మా ఆవిడ చనిపోయింది. కాకినాడ ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది. పదో రోజు పొద్దున నేను కాఫీ తేవడానికి కిందికి దిగినప్పుడు పోయింది. ఆ సాయంత్రానికే, అమలాపురంలో ఆమె పాఠాలు చెప్పిన ప్రైవేటు కాలేజీవాళ్లు వాట్సాప్‌లో సంతాపం పెట్టారు. "అనారోగ్య కారణాల వల్ల స్వచ్ఛందంగా తప్పుకున్న మా ఇంగ్లిషు లెక్చరర్" అని రాశారు. అది అబద్ధం. కాలేజీ వదిలేనాటికి ఆమెకి జలుబు కూడా లేదు. జబ్బు మూడేళ్ల తర్వాత వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమెకి బాగా ఇష్టమైన పాఠం డిస్టోపియా కథలు. ఆ మాట పిల్లలకి నోరు తిరిగేది కాదు. "పీడకల రాజ్యాల కథలు అనుకోండర్రా" అనేది. ఏ దేశంలో రాసినా వాటి అల్లిక ఒకటేనని చెప్పేది. పైనుంచి ఒక కన్ను ఎప్పుడూ చూస్తుంటుంది. అంతా మీ మంచికేనని ఒక గొంతు చెబుతుంటుంది. కొన్ని మాటలు వాడుకలోంచి తీసేస్తారు. నిన్న జరిగినదాన్ని ఇవాళ తిరగరాస్తారు. గోడ దాటితే చస్తావంటారు. ఒక్కడికి అనుమానం వస్తుంది. చాలా కథల్లో ఆ ఒక్కడూ ఓడిపోతాడు.

"అక్కడ జనం ఏడుస్తూ ఉంటారనుకుంటున్నారా? లేదర్రా. బాగానే ఉన్నామంటారు. అదీ అసలు భయం" అనేది. ఇంకో మాట కూడా అనేది: "భయపెట్టే కథకి రాక్షసుడక్కర్లేదు. ఒక రిజిస్టరూ, దాన్ని నింపే మర్యాదస్తుడూ చాలు." నేను ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై రెండేళ్లు రిజిస్టర్లు నింపినవాణ్ని. ఆ మాట నా ముందు అన్నప్పుడల్లా నవ్వేది.

ఇంట్లోనూ అంతే. కూర బాగుందంటే వదిలేది కాదు. "నిజంగా బాగుందా, భయంతో బాగుందా?" అని అడిగేది. పిల్లల పరీక్ష పేపర్ల అంచున పెన్సిల్‌తో "ఎందుకు?" అని రాసేది. మార్కులు తర్వాత.

కాలేజీలో ప్రతి క్లాసులోనూ కెమెరా, మైకు పెట్టారు. కాలేజీ యజమాని కరస్పాండెంటు గారి గదిలో కూర్చుంటే అన్ని క్లాసులూ కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఆమె రోజూ క్లాసులోకి వెళ్లగానే పిల్లల కంటే ముందు కెమెరాకి గుడ్ మార్నింగ్ చెప్పేదట. పిల్లలు పడీ పడీ నవ్వేవారట.

ఆ ఏడాది పిల్లలని మన కోనసీమలో జరిగే పీడకల రాజ్యం కథ ఒకటి రాసుకురమ్మంది. అల్లవరం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి రాసింది. రొయ్యల చెరువుల వల్ల ఊళ్లో బోరునీళ్లు ఉప్పగా అయిపోతాయి. నీళ్లు తియ్యగా ఉన్నాయని సర్కారు ఉత్తర్వు వేస్తుంది. రోజూ ఇంటింటికీ ఒకాయన గ్లాసుతో వస్తాడు. తాగి, తియ్యగా ఉన్నాయండీ అనాలి. మొహం చిట్లించినవాళ్ల ఫొటో తీసుకుంటాడు. కొన్నాళ్లకి పిల్లలకి నిజంగానే ఆ నీళ్లు తియ్యగా అనిపిస్తాయి.

మా ఆవిడ ఆ కథని, పేరు చెప్పకుండా, క్లాసులో పైకి చదివింది. కరస్పాండెంటు గారికి అరవై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. అరగంటలో ఆయన గది నుంచి కబురొచ్చింది.

"ఎవరు రాసేరండీ?"

"నేనే రాశానండి."

"మేడమ్ గారూ, అబద్ధం ఎందుకండీ? పేరు చెప్పండి. లేకపోతే క్లాసు మొత్తానికీ హాల్ టికెట్లు ఆగిపోతాయండి."

"నేనే రాశానన్నాను కదండీ."

మర్నాడు నన్ను పిలిపించారు. టీ ఇచ్చారు.

"మేడమ్ గారికి ఒంట్లో బాగోలేదని రాసిచ్చేత్తే గౌరవంగా ఉంటాదండి. మీరు పెద్దోరు, చెప్పాలి."

"ఆయ్."

"పిల్లల భవిష్యత్తండి, మరి."

"ఆయ్."

"అయితే ఉత్తరం టైపు చేయించేత్తానండి."

"ఆయ్."

మా వైపు ఆయ్ అంటే అవునని. వింటున్నానని కూడా. ఫోనెత్తితే నిమిషానికి పదిసార్లు అంటాం. ఆయన నేను ఒప్పుకున్నానని ఆమెకి చెప్పారు.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే అడిగింది.

"ఏవండీ, ఒప్పుకున్నారట కదా?"

"ఒప్పుకోలేదు. ఆయ్ అన్నాను. వింటున్నానని."

"ఆ కథల్లో అందరూ వింటున్నామనే అంటారండీ."

అంతే అంది. పిల్లల కోసం మర్నాడు ఆ ఉత్తరం మీద సంతకం పెట్టింది. తర్వాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. కూర గురించి కూడా మళ్లీ అడగలేదు.

నాకు కరస్పాండెంటు మీద కోపం ఉంది. అంతకంటే ఎక్కువ ఎవరి మీదో ఇక్కడ చెప్పక్కర్లేదు.

పాస్టరు గారొచ్చి మా ఇంట్లో ఆదరణ కూటం ప్రార్థన జరిపిన మర్నాడు కాలేజీ ప్రిన్సిపాల్ వచ్చారు. సంతాప సభకి పిలిచారు. బ్యానర్ నమూనా సెల్‌ఫోన్‌లో చూపించారు. ఆమె ఫొటో కింద అదే వాక్యం.

"ఇది తీసెయ్యండి" అన్నాను. "మేమే ఉద్యోగంలోంచి తీసేశాం అని రాయండి."

"ఇప్పుడెందుకండీ అయ్యన్నీ? ఆవిడ గౌరవం కోసమే కదండీ రాసేం."

"ఆవిడ గౌరవం ఆవిడ చూసుకుంది. మీరు నిజం రాయండి. లేకపోతే నేను రాను."

"బ్యానరు ప్రింటుకెళ్లిపోయిందండీ మాస్టారూ."

"మళ్లీ వేయించండి."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, ఏదో ఒకటి చేస్తామని లేచారు.

వెళ్లాను. బ్యానర్ అదే. ఆ వాక్యం మీద తెల్లకాగితం అంటించారు. నిజం రాయమన్నాను, ఖాళీ వదిలారు. హాల్లో ఉన్నది ఇప్పటి పిల్లలే, ఆమె దగ్గర చదివినవాళ్లు ఒక్కరూ లేరు. ఆమెని చూసినవాళ్లు స్టాఫులో అయిదుగురుంటారేమో. ముందు వరసలో కరస్పాండెంటు గారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. రెండే చెప్పాను.

"మా ఆవిడ మానెయ్యలేదు, మానిపించారు. నేను అడ్డం పడలేదు."

కరస్పాండెంటు గారు నేల చూపులు చూస్తున్నారు. పిల్లల కళ్లు మాత్రం నా భుజం మీదుగా వెనక్కి పోతున్నాయి. తిరిగి చూశాను. ఫ్యాను గాలికి తెల్లకాగితం ఒక పక్క ఊడింది. లేచినప్పుడల్లా కింద అక్షరాలు కనబడుతున్నాయి. అటెండరు ఒకాయన స్టూలెక్కి దాన్ని అరచేత్తో నొక్కి పట్టుకుని, సభ అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.