టీచరుగారి వావిలాకు

రాజమండ్రిలో పొద్దున ఆరింటికి రాజోలు బస్సెక్కాను. మీరూ వెళ్లేటట్టయితే కుడివైపు కూర్చోండి, ఎండ కొట్టదు. కొబ్బరితోటలు చూసే తీరిక నాకు లేదు. ఒక దొంగను పట్టుకోవాలని బయలుదేరాను.

మా అక్కది రాజోలు. మోకాళ్ల నొప్పులకు మలికిపురం దగ్గర ఒక రిటైరైన టీచరుగారి వావిలాకు కషాయం తాగుతోంది. మంత్రమేసినట్టు తగ్గిందంటుంది. మొన్న రక్తపరీక్షలో కిడ్నీలు దెబ్బతింటున్నాయని తేలింది. నొప్పిబిళ్లలు ఎక్కువైతే ఇలా అవుతుందన్నాడు డాక్టరు. అక్కేమో బిళ్ల ముట్టనే లేదంటుంది. నేను ఫార్మసీ కాలేజీ ల్యాబులో నొప్పి తగ్గించే ఆకులను ఎలుకల మీద పరీక్షిస్తుంటాను. వావిలాకు ఏపాటి పనిచేస్తుందో నాకు తెలుసు. అంతలా తగ్గిందంటే కషాయంలో ఆవిడ బిళ్లలు నూరి కలుపుతున్నట్టే.

రావులపాలెంలో పెసరట్టు తిన్నాను, బాగుంది. పక్కసీటు పెద్దాయన ఎక్కడికని అడిగితే చెప్పాను.

"టీచరుగారింటికా అండీ? మా ఆవిణ్ణి మూడు వారాల్లో నడిపించేరండి. పైసా పుచ్చుకోరు."

పైసా పుచ్చుకోనివాళ్లంటే నాకు మరీ అనుమానం.

రాజోలులో బస్సు మారి, తొమ్మిదిన్నర దాటాక టీచరుగారిల్లు చేరాను. అరుగు నిండా జనం. వచ్చిన పని దాచకుండా చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు.

"మీరే కోసుకోండమ్మా" అని కాలవగట్టు మీది వావిలిపొద చూపించి, తర్వాత నన్ను పొయ్యి దగ్గరే కూర్చోబెట్టారు. సిగ్గు విడిచి ప్రతి డబ్బా మూతా తీసి చూశాను. ఆకు, నీళ్లు, అంతే. కషాయం పోశాక ఒక్కొక్కరి కాలూ ఒళ్లో పెట్టుకుని వేడి ఆకుతో కట్టు కట్టారు.

"తగ్గిందా అమ్మా?"

"ఆయ్, శుభ్రంగా తగ్గిందండి" అంది ఒక ముసలావిడ.

తిరుగుబస్సులో ఆ ముసలావిడే నా పక్కన కూర్చుంది. బస్సు కదలగానే సంచిలోంచి నొప్పిబిళ్ల తీసి మింగింది. తగ్గిందన్నారు కదా, అన్నాను.

"ఊరికే చేస్తున్నారు కదండీ. తగ్గలేదంటే నొచ్చుకోరూ? మేవందరం ఇంతేనండి."

అక్కకు ఫోన్ చేసి, రోజుకెన్ని మింగుతున్నావని అడిగాను.

"రెండే. ఒక్కోసారి మూడు. టీచరుగారికి మాత్రం చెప్పకే."

కోనసీమ మర్యాద గురించి వెళ్లొచ్చినవాళ్లంతా గొప్పగా చెబుతారు. ఇంత ఖరీదైన మర్యాద నేనెక్కడా చూడలేదు. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. రాజోలులో దిగిపోతున్నాను, చీర మార్చుకుని ఉండు, ఆస్పత్రికి వెళ్దాం అన్నాను.

"బిళ్లలు మానేస్తాలే. కట్టు మాత్రం మాననే. మీ బావగారు పోయాక, నా కాలు ఒళ్లో పెట్టుకుని నొప్పెక్కడని అడిగింది ఆవిడొక్కరే" అంది అక్క.