కుచ్చులు లేని జంపఖానా

“ఆ మనిషి పాప కాళ్ల దిక్కే చూస్తాండు. పోయినసారి వచ్చినప్పుడు గూడ గంతే. నాకు భయమైతాంది.”

మల్లికార్జున్ గొంతు తగ్గించి ఈ మాట అంటే, వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తున్న రాజమణి వెనక్కి తిరగనైనా లేదు.

“కాలేజీల కప్పలను కోసి కోసి మీకు మనుషులు గూడ గట్లనే కనబడ్తాండ్రు. పెద్దమనిషి. చూస్తే ఏమైతది?”

ఆ పెద్దమనిషి సిద్దిరాములు, కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. 1983లో వానలు వెనకపట్టాక ఈ భార్యాభర్తలు సుబేదారిలో తాము కట్టుకున్న ఇంట్లోకి వచ్చారు. పాప అప్పుడప్పుడే పాకుతోంది. ముందుగదిలో షాబాదు బండల మీద మంచి జంపఖానా, గుమ్మానికి నేత పరదా ఉంటే ఇల్లు నిండుగా ఉంటుందని రాజమణి కోరిక. దుకాణంలో కొందామన్నాడు మల్లికార్జున్. ఆమె వినకుండా నేరుగా మగ్గం దగ్గరికే వెళ్లి చెప్పి వచ్చింది.

ఇల్లు చూడందే నేయనన్నాడు సిద్దిరాములు. వచ్చినవాడు కుర్చీ వేస్తే కూర్చోలేదు. మూలకు పోయి నేల మీద కూర్చుని గదంతా కలియజూశాడు. వంగి మంచం కిందికి తొంగిచూశాడు. అక్కడ ఇనుప పెట్టె ఉంది. మల్లికార్జున్ చెయ్యి జేబులోని తాళంచెవి మీదికి పోయింది.

“పిల్ల ఎక్కువ ఏ మూలకు తిరుగుతదమ్మా?” అని అడిగాడు సిద్దిరాములు. ఆ ప్రశ్న మల్లికార్జున్‌కు ఏమాత్రం నచ్చలేదు.

రాజమణి జంపఖానా నిండా పూలు కావాలంది.

“పిల్ల తిరిగే మూలకు పూలు వద్దు బిడ్డా. గుండీ పడ్డా, పిన్నీసు పడ్డా ఆ పూలల్ల కలిసిపోతది. సాదాగ తెల్లగ నేస్త. కడప కాడ జర మందంగ పెడ్త, దాటబోయి బోర్లపడ్తది గద. నీ పూలు పరదకు పెట్టుకుందాం.”

పోయేముందు మళ్లీ పాప పాదాలు చూశాడు.

తర్వాత జంపఖానా తెచ్చి పరిచాడు. ఏ జంపఖానాకైనా రెండు కొసలా కుచ్చులు వేలాడతాయి. దీనికి లేవు. కొసలు లోపలికి మడిచి గట్టిగా కుట్టేసి ఉన్నాయి. నూలు మిగుల్చుకున్నాడనుకున్నాడు మల్లికార్జున్. మడతలోంచి ఒక పోగు పీకి, అగ్గిపుల్ల గీసి కాల్చి వాసన చూశాడు. కాగితం కాలిన వాసన వచ్చింది. అచ్చమైన నూలే. అయినా మనసొప్పక, తడిపిన రుమాలుతో ఎర్ర అంచును రుద్దాడు. రుమాలు గులాబీ రంగుకు తిరిగింది.

“ఇది పాప నోట్లె పెట్టుకుంటది” అన్నాడు.

సిద్దిరాములు రుమాలును వెలుతురుకు పట్టి చూశాడు. “నిజమే సారూ, రంగు సరిగ్గ పట్టలె. ఎర్రది ఇప్పి తెల్లది పెట్టుకొస్త.”

ఒక్క మాటైనా వాదించకపోవడం మల్లికార్జున్ అనుమానాన్ని ఇంకా పెంచింది.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే వీధిలోకే పాప ఏడుపు వినిపించింది. రాజమణి పెరట్లో బట్టలు తీస్తోంది. తెల్ల అంచు వేసిన జంపఖానా చుట్ట గుమ్మంలో ఉంది. లోపల సిద్దిరాములు ఉయ్యాల మీదికి వంగి, పాప సాక్సు లాగేసి, కాలివేళ్లు పట్టుకుని ఉన్నాడు.

“ఏం చేస్తానవ్? చెయ్యి తియ్.” మల్లికార్జున్ పాపను లాక్కున్నాడు.

“పోగు ఉన్నదా అని చూస్తాన సారూ.”

ఆయన సాక్సును తిరగేసి చూపించాడు. రాజమణి అల్లిన ఊలు సాక్సు. లోపల కత్తిరించని పోగులు వేలాడుతున్నాయి. పాప కాలి చిటికెన వేలి చుట్టూ సన్నని ఎర్ర గీత పడి ఉంది.

ఏడుపు ఆగాక రాజమణి ఆయనకు చాయ ఇచ్చింది. అప్పుడు చెప్పాడు.

“మా కొడుకు మార్కండేయులు పాకేటప్పుడు మగ్గం కిందనే ఆడేటోడు. ఒకనాడు ఏడ్పు మొదలువెట్టిండు. పాలిస్తే తాగడు. దిష్టి తగిలిందని మా ఇంటామె రాజవ్వ ఉప్పు, మిరపకాయలు తిప్పింది. చలివెట్టిందని బొంతల సుట్టి పండవెట్టినం. ఇప్పి చూసేసరికి నూలుపోగు బిగిసి కాలేలు నల్లగైంది. దవాఖానల తీసేసిండ్రు. ఇప్పుడు నా పక్క మగ్గం మీద వాడే నేస్తాండు, మంచిగనే తొక్కుతడు. తొడిగిన చెప్పు ఒక్కటే ఆ కాలుకు నిలువది.”

అందుకే పసిపిల్లలున్న ఇంటికి ఆయన కుచ్చులు పెట్టడు.

“ముందే చెప్పొచ్చు గద పెద్దమనిషీ” అన్నాడు మల్లికార్జున్.

“ఒకింట్ల చెప్పిన. నా బిడ్డకు శాపం పెడ్తానవా అని ఆమె చీపురు తీసింది. అప్పటిసంది చెప్పకుంట చూస్తాన.”

రాజమణి నవ్వింది. మల్లికార్జున్ నవ్వలేదు. చీపురు ఒక్కటే తను తీయనిది.

అనుమానించే గుణం మల్లికార్జున్‌కు ఆ రోజుతో పోలేదు. పరదా రంగును కూడా తడి రుమాలుతో రుద్ది చూశాకే గుమ్మానికి కట్టనిచ్చాడు. కానీ ఇప్పుడు పాప ఊరుకోకుండా ఏడిస్తే, రాజమణి వచ్చేలోపే తెల్ల జంపఖానా మీద పడుకోబెట్టి, సాక్సులు తీసి, ఒక్కో వేలూ విడదీసి చూస్తాడు. ఆ సాయంత్రం సిద్దిరాములు గుమ్మం దిగుతూ చెప్పిన మాట అది.

“పిల్ల ఎందుకు ఏడుస్తాందో తెల్వకుంటే, దిష్టి తీసుడు ఎన్కకు సారూ, మందు పోసుడు ఎన్కకు. ముందుగాల కాలేళ్లు చూడుండ్రి.”