సగం పిలిస్తే సగమే

దీర్ఘమ్మకి లోకంలో ఉన్నది ఒకే ఒక్క పట్టింపు. తన పేరు ఎవరైనా సరే పూర్తిగా, సరిగ్గా పలకాలి. బస్సులో కాలు తొక్కినా ఊరుకునేది, కొత్త బట్టల మీద సిరా ఒలకబోసినా ఊరుకునేది, పేరులో దీర్ఘం మింగితే మాత్రం ఊరుకునేది కాదు. ఆ పేరేమిటో ఇక్కడ రాయడం లేదు. రాస్తే చదువుతారు, చదివితే తలా ఒక రకంగా చదువుతారు, ఆ సంగతి ఎలాగోలా ఆవిడ చెవిన పడుతుంది. నాలుగక్షరాల పేరనీ, రెండోదానికి దీర్ఘం, మూడోదానికి ఒత్తు ఉన్నాయనీ తెలిస్తే చాలు. ఆ దీర్ఘం కోసం ఆవిడ చేసిన పోరాటాలు చూసే వీధిలోవాళ్లు చాటుగా దీర్ఘమ్మ అని పెట్టుకున్నారు.

పేరు వినగానే ఒక్కొక్కరికి ఒక్కో మనిషి కళ్లముందు కనబడేది. బ్యాంకులో పేరు చూసినాయన తల ఎత్తకుండానే పింఛన్ల వరుస అటు అని చెయ్యి చూపించాడు. ఎదురింట్లో కాలేజీ పిల్ల, ఇంత స్టైలు పేరు సొంతంగా పెట్టుకున్నారా ఆంటీ అని అడిగింది. మందుల షాపువాడైతే, అది అయిపోయిందండీ, అదే పనిచేసే ఇంకో మాత్ర ఉంది, ఇవ్వమంటారా అన్నాడు. దీర్ఘమ్మ కౌంటరు దగ్గరే నిలబడి, వెనక జనం గొణుగుతున్నా లెక్కచెయ్యకుండా, అతని చేత దీర్ఘం పలికించి గానీ కదల్లేదు.

ఆవిడ పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుమీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ ఎదురుగోడ మీది అక్షరాలు చదివించడం ఆవిడ పని. ఒకసారి ఒక పెద్దాయన అట్టమీది చివరి వరుస తడుముకుంటూ చదివాడు.

"ఆ ఒత్తు ఏమైంది?" అంది దీర్ఘమ్మ కటువుగా.

"అమ్మా, ఆయనకి కనబడకే కదా మన దగ్గరికి వచ్చాడు" అన్నాడు యజమాని లోపల్నించి.

ఆ యజమాని ఆవిడ పేరు నేర్చుకోవడానికి పడిన అవస్థ వేరే కథ. ఆవిడ కోటుకి పెట్టుకునే బిళ్ల మీద పేరు అచ్చు వేయించిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట అక్షరం జారిపోయేది. చివరికి ఖాళీ బిళ్ల తెప్పించి, మీరే రాసుకోండి తల్లీ అని చేతిలో పెట్టాడు.

మొగుడు మాత్రం తెలివైనవాడు. పెళ్లయిన నాటినుంచీ 'ఇదిగో' తోనే కాపురం లాక్కొస్తున్నాడు. 'ఇదిగో'లో తప్పు పట్టడానికేమీ లేదు.

అసలు యుద్ధమంతా అత్తగారితోనే. కొత్తకోడలు ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఆవిడ, ఇంత పేరు నా నోట్లో పట్టదమ్మాయ్, ముందు రెండక్షరాలు చాలు అని తేల్చేసింది. "సగం పిలిస్తే సగమే వస్తాను అత్తయ్యా" అంది కోడలు. సరదాకి అందనుకున్నారు. సరదా కాదు. అత్తగారు సగం పేరుతో పిలిచినప్పుడల్లా దీర్ఘమ్మ వచ్చి గుమ్మంలో నిలబడేది. ఒక కాలు గదిలో, ఒక కాలు హాల్లో. ఒక కన్ను, ఒక చెవి, ఒక చెయ్యి మాత్రం లోపలికి. మంచినీళ్లు అడిగితే ఆ ఒక్క చేత్తోనే గ్లాసు అందించేది. అత్తగారూ తక్కువది కాదు. మంచం గుమ్మానికి దగ్గరగా జరిపించుకుంది గానీ మిగతా రెండక్షరాలు కలపలేదు. అలా ఏళ్లు గడిచిపోయాయి.

ఈ ఇంటికి చిన్నకోడలుగా వచ్చిన పిల్లకి పుస్తకాలంటే ప్రాణం, మనుషులంటే బెదురు. బారెడు సమాసాలు గుక్కతిప్పుకోకుండా చదివేస్తుంది గానీ ఆ నాలుగక్షరాలు తలుచుకుంటే చెమట్లు పట్టేవి. "అక్కయ్యా" అంటూ తప్పించుకుంది. తోడికోడలితో ఏడాది పాటు ఒక్క గొడవా లేకుండా గడిచిందంటే ఆ పుణ్యమంతా అక్కయ్య అనే మాటదే.

ఇంతలో అత్తగారికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తొందరగానే స్వాధీనంలోకి వచ్చాయి గానీ మాట మాత్రం దారి తప్పింది. కుర్చీ అనబోతే నోట్లోంచి ఇంకేదో వచ్చేది. చూడ్డానికి వచ్చిన ఆవిడ చెల్లెలు, అక్క నీళ్లడగబోయి ఏదో అనేసరికి నవ్వు ఆపుకోలేకపోయింది. చిన్నపిల్లవైపోయావే అక్కా అంటూ బుగ్గ కూడా పుణికింది. ఆ రోజు మూసిన నోరు అత్తగారు మళ్లీ తెరవలేదు. మాటలు నేర్పే టీచరమ్మ బొమ్మల అట్టలు పట్టుకుని వచ్చేది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకునేది. వెళ్లబోతూ టీచరమ్మ చెప్పింది, ఇప్పుడు పలక్కపోతే ఆ తర్వాత పలుకుదామన్నా రాదని. ఇల్లంతా బతిమాలింది. గుమ్మంలో సగం నిలబడ్డ దీర్ఘమ్మకి, సగం పేరు కూడా వినబడక, లోపలికి రావాలో బయటికి పోవాలో తెలియలేదు.

ఒక ఆదివారం దీర్ఘమ్మ హాల్లో స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తోంది. చిన్నకోడలు గది తలుపు పక్కన పుస్తకంలో మునిగి ఉంది. స్టూలు కాలు తడిసిన గచ్చుమీద జారడం మంచం మీదున్న అత్తగారికి ఒక్కదానికే కనబడింది.

"లాపూ!"

దీర్ఘమ్మ ఉలిక్కిపడి ఫ్యాను వదిలేసి కిందికి దూకింది. స్టూలు వెల్లకిలా పడింది. చప్పుడు తగ్గాక చూస్తే అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. చిన్నకోడలు గట్టిగా కళ్లు మూసుకుంది. దీర్ఘం ఉండాల్సిన చోట లేదు, ఒత్తు ఊసే లేదు, నాలుగక్షరాలు రెండయ్యాయి, ఆ రెండూ కూడా ఆ పేరులోవి కావు. ఇప్పుడు అక్కయ్య ఏమంటుందో వినే ధైర్యం ఆ పిల్లకి లేదు.

ఏమీ వినబడకపోయేసరికి ఒక కన్ను తెరిచింది. గుమ్మంలో ఎవరూ లేరు. దీర్ఘమ్మ రెండు కాళ్లతో, రెండు చేతులతో, పూర్తి మనిషిగా గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుని ఉంది.

"పిలిచారా అత్తయ్యా?"

అత్తగారు తల అడ్డంగా ఊపింది.

"పిలిచారు. స్టూలు పడ్డ చప్పుడులో సరిగ్గా వినబడలేదు. మళ్లీ పిలవండి."

చాలాసేపటికి, చాలా చిన్నగా వచ్చింది. "లాపూ."

"ఆఁ, వచ్చా" అంది అప్పటికే వచ్చి కూర్చున్న దీర్ఘమ్మ.

మర్నాడు టీచరమ్మ వచ్చింది. అత్తగారు కోడల్ని పిలవడం విని సంతోషపడి, బాగుందమ్మా, కానీ మీ కోడలి పేరు అది కాదు కదా, నాతోపాటు నెమ్మదిగా అనండి అంటూ మొదలుపెట్టింది. అత్తగారి పెదవులు బిగుసుకోవడం చిన్నకోడలు చూసింది. దీర్ఘమ్మ కూడా చూసింది.

"నా పేరేమిటో మీకన్నా మా అత్తయ్యకి బాగా తెలుసు" అంది. "లాపూ. రెండక్షరాలకీ దీర్ఘమే. మీరూ ఒకసారి అనండి."

టీచరమ్మ అంది. రెండో దీర్ఘం చాల్లేదని మళ్లీ అనిపించింది దీర్ఘమ్మ. అత్తగారు గోడవైపు తిరక్కుండా ఆ పాఠమంతా చూసింది. అన్నాళ్లకి పాఠం ఇంకొకళ్లకి జరుగుతోంది మరి.

అక్కణ్నించి లాపూ పేరు ఊరేగింది. షాపులో బిళ్ల తుడిచి కొత్తగా రాసుకుంది. యజమాని పాపం ఏళ్ల తరబడి సాధన చేసి, సరిగ్గా ఆ వారమే పాతపేరుని ఎక్కడా జారకుండా పలికి, మెచ్చుకుంటుందేమోనని చూశాడు.

"తప్పండీ" అంది దీర్ఘమ్మ.

"నిన్నటిదాకా అదే కదమ్మా?"

"నిన్నటిదాకా."

అత్తగారి చెల్లెలు మళ్లీ వచ్చినప్పుడు, ఇదేం పేరే, కుక్కపిల్లని పిలిచినట్టుంది అంది. "మా అత్తయ్య పెట్టిన పేరు పిన్నిగారూ. ఈ ఇంట్లో ఇదే చెల్లుతుంది. మీరు కూడా అలా పిలిస్తే టీ తెస్తాను" అని గుమ్మంలో సగం నిలబడింది దీర్ఘమ్మ. టీ తాగకుండా ఉండలేని మనిషి ఆవిడ. లపు అంది. లాపు అంది. నోరు తిరగలేదు. మంచం మీంచి ఖంగుమని సరైన మాట అందించింది అత్తగారు. చెల్లెలికి తప్పు దిద్దడం కన్నా మంచి మందు లేదని ఆ సాయంత్రం తెలిసింది. టీ వచ్చేలోపు ఇంకో రెండు మాటలు బయటికొచ్చాయి.

ఆ తర్వాత ఒక్కొక్కటిగా మాటలు తిరిగొచ్చాయి. మొదటి పూర్తి వాక్యం, ఆ కిటికీ ఎవరు తెరిచి చచ్చారు అన్నది. పెద్దకొడుకు ఆనందం పట్టలేక, నేనే అమ్మా నేనే, అని వెళ్లి మూసిన కిటికీ కూడా తెరిచాడు.

దీర్ఘమ్మ షాపుకి వెళ్లాక, మధ్యాహ్నాలు అత్తగారు చిన్నకోడల్ని దగ్గరికి పిలిచేది. పుస్తకం మూయించి, తలుపు కూడా వేయించి, "దాని పేరు చెప్పు. మొత్తం" అనేది. ఆ పిల్ల జీవితంలో మొదటిసారి ఆ నాలుగక్షరాలూ పైకి పలికింది. గొంతు వణికింది గానీ దీర్ఘం నిలబడింది. అత్తగారు ఒక్కో అక్షరం పట్టుకునేది, మూడోదాని దగ్గర జారిపోయేది, తనని తాను తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టేది. ఎందుకత్తయ్యా ఇంత కష్టం, అక్కయ్య లాపూ అంటే పలుకుతుందిగా అంటే, "అది పలుకుతుంది. నేనూ పలకాలి" అంది.

ఒక సాయంత్రం దీర్ఘమ్మ షాపు నించి వచ్చి చెప్పులు విప్పుతోంది. గదిలోంచి నాలుగక్షరాలు వినబడ్డాయి. పూర్తిగా, దీర్ఘం దీర్ఘంగా, ఒత్తు ఒత్తుగా. ఆ ఇంట్లో ఆ గొంతుతో ఆ పేరు అంతవరకూ ఎవరూ వినలేదు. మొగుడు పేపరు దించాడు. చిన్నకోడలు పుస్తకం పక్కన పెట్టింది.

దీర్ఘమ్మ నెమ్మదిగా వచ్చింది. గుమ్మంలో ఆగింది. ఒక కాలు గదిలో, ఒక కాలు హాల్లో.

"తప్పు, అత్తయ్యా" అంది. కనబడుతున్న ఆ ఒక్క కన్నూ తడిగా ఉంది, గడ్డం మాత్రం ఎప్పటిలా పైకే ఉంది.

అత్తగారు కోడల్ని ఎగాదిగా చూసింది. ఇంకా కొంచెం వంకరగానే ఉన్న మూతి ఇంకాస్త వంకరపోయింది.

"రావే, లాపూ" అంది.

రెండో కాలు కూడా లోపలికి వచ్చింది.