దేశం కలిశాక మిగిలిన పని

మా పక్కింటి పెద్దాయన చనిపోయారు. మంగళవారం పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకుతుంటే, ఒహాయో నుంచి ఆయన్ని చూడటానికి వచ్చి ఉన్న కూతురు మా డ్రైవ్‌వే దాకా నడిచొచ్చి చెప్పింది. ఎనభై నాలుగేళ్లు. నిద్రలోనే పోయారట. ఆఫీస్‌కి లీవ్ పెట్టి, ఇంట్లోకి వచ్చి ఊరికే కూర్చున్నాను.

ఆయన జర్మనీ మనిషి. ఇక్కడ మా ఊరు నోవై దగ్గర ఒక ఫ్యాక్టరీలో కార్ల తలుపులు ఒత్తే అచ్చులు తయారుచేసి రిటైరయ్యారు. పదకొండేళ్ల పరిచయంలో నన్ను మెచ్చుకున్నది రెండుసార్లో మూడుసార్లో. చెత్తడబ్బా ఒకరోజు ముందే బయట పెడితే మాత్రం వచ్చి తలుపు కొట్టేవారు. మంచు పడితే తన వాకిలితో పాటు మాదీ మిషన్‌తో శుభ్రం చేసేసి, నేను థాంక్స్ చెప్పబోతే, "మిషన్ ఎలాగూ తిరుగుతోంది కదా" అనేవారు. ఆయన ప్రేమంటే అదేనని తెలుసుకోవడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది.

ఐదేళ్ల క్రితం మా అమ్మాయి స్కూల్లో జర్మనీ ఏకీకరణ మీద ఎస్సే రాయమన్నారు. "అంకుల్‌ని అడుగు" అన్నాను. ఆయన మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఓపిగ్గా చెప్పారు. ఒకప్పుడు అక్కడ పదుల కొద్దీ రాజ్యాలు. భాష ఒకటే, అయినా సరుకు బండి సరిహద్దు దాటిన ప్రతిసారీ సుంకం. ముందు ఆ సుంకాలు ఒకటయ్యాయి, తర్వాత రైలు పట్టాలు. ఆపైన ఆ రాజ్యాల్లో బలమైన ప్రష్యా యుద్ధాలు చేసి మిగతావాళ్లను కలుపుకుంది. ఫ్రాన్స్‌ని ఓడించి, వాళ్ల రాజమహల్లోనే తమ చక్రవర్తిని ప్రకటించుకున్నారు. "పక్కవాడి ఇంట్లో దూరి చేసుకున్న పండగ" అంటూ పెద్దాయన తల అడ్డంగా ఊపారు. తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు, దేశం రెండు ముక్కలు, మధ్యలో గోడ, చివరికి మళ్లీ కలవడం.

"అమ్మా, అంకుల్ నా లాస్ట్ సెంటెన్స్ కొట్టేశాడు" అంది మా అమ్మాయి, ఆయన వెళ్లాక. గోడ పోయాక జర్మన్లందరూ ఒక్కటయ్యారని రాసిందది. దాని మీద పెన్సిల్ గీత ఉంది.

ఆ అక్టోబరులో నేనొక తెలివితక్కువ పని చేశాను. వాళ్ల దేశం కలిసిన రోజని తెలిసి, బూందీ లడ్డూలు డబ్బాలో పెట్టుకుని కంగ్రాట్స్ చెప్పడానికి వెళ్లాను. మనకి సంతోషమంటే స్వీటే కదా. ఆయన డబ్బా తీసుకున్నారు గానీ తెరవలేదు. తమ్ముడి గురించి చెప్పారు. గోడ కట్టడానికి కొద్ది నెలల ముందు ఈయన తూర్పు జర్మనీ నుంచి పడమటి వైపు వచ్చేశారు. అన్న పారిపోయాడన్న కారణంతో అక్కడ తమ్ముడికి కాలేజీలో సీటు ఇవ్వలేదు. గోడ కూలాక సూట్‌కేసు నిండా బహుమతులతో వెళితే, "గెలిచినవాడిలా వచ్చావే" అన్నారట తమ్ముడు. ఈయన రెండో రోజే తిరిగొచ్చేశారు. ముప్ఫై ఏళ్లకు పైగా మాటల్లేవు.

"దేశం కలవడానికి సంతకాలు సరిపోయాయి. మా ఇద్దరికీ ఏం కావాలో నాకు తెలియలేదు" అన్నారు.

నేను ఊరుకోలేకపోయాను. "వాళ్ల ఫ్యామిలీ మ్యాటర్‌లో నువ్వు వేలు పెట్టకు" అని మా ఆయన చెబుతూనే ఉన్నారు. మన ఇళ్లలో వీడియో కాల్ వస్తే, పక్కనున్నవాళ్లను అడక్కుండానే మొహం ముందు ఫోన్ పెట్టి "ఒక్కసారి మాట్లాడండి" అంటాం చూడండి, అదే చేశాను. పెద్దాయన కూతురి దగ్గర తమ్ముడి నంబర్ తీసుకుని, నా ఫోన్ నుంచి కాల్ చేసి ఆయన చేతిలో పెట్టాను. అవతల తెల్లజుట్టు మనిషి ఒక్క క్షణం చూసి కట్ చేసేశారు. పెద్దాయన ఫోన్ నాకిచ్చి లోపలికి వెళ్లిపోయారు. నా మీద నాకే అసహ్యమేసింది. రెండు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు. మా వాకిట్లో మంచు మాత్రం తీస్తూనే ఉన్నారు.

తర్వాత ఒక ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆ నంబర్ నుంచే నాకు కాల్ వచ్చింది. ఇంట్లో చెప్పులతోనే మంచులో పరిగెత్తి ఆయనకిచ్చాను. తమ్ముడే ముందు ఏదో అడిగారు. ఏమన్నారని తర్వాత అడిగితే, "మోకాళ్లు ఎలా ఉన్నాయన్నాడు" అని చెప్పారు. ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

అప్పటినుంచి ప్రతి ఆదివారం తొమ్మిదింటికి నా ఫోన్‌లోనే మాటలు. ఆయనది పాత బటన్ల ఫోన్. కొత్తది కొనిపెడతానంటే ఒప్పుకోలేదు. "అప్పుడు నువ్వు కాఫీకి రావు" అన్నారు. ఆ నల్ల కషాయం తాగుతూ, అర్థం కాని భాషలో ఇద్దరు ముసలివాళ్ల నవ్వులు వింటూ కూర్చోవడం నా అదృష్టం.

ఈ ఆదివారం కూడా ఫోన్ మోగింది. కబురు తమ్ముడికి ముందే తెలుసు. నాకు జర్మన్ రాదు, ఆయనకి ఇంగ్లిష్ రాదు. ఏం చేయాలో తోచక, తాళం వేసి ఉన్న పక్కింటి ముందుకు వెళ్లి ఇల్లు చూపించాను. ఇంకా దగ్గరగా అన్నట్టు చెయ్యి ఊపారు. కిటికీ అద్దానికి ఫోన్ ఆనించాను. లోపల అన్నగారి కుర్చీ కనిపిస్తోంది. తమ్ముడు తెర దగ్గరికి జరిగి, ఆ కుర్చీతో మాట్లాడడం మొదలుపెట్టారు. చలికి నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఆయన చెప్పడం అయ్యేదాకా ఫోన్ కదలనివ్వలేదు.